ఆ నట్టు మీద బరువెంత?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంజనీరింగు పిల్లలకు నైతికత గురించి చెప్పమంటే పెద్దవాళ్లు చాలామంది లంచాల దగ్గర మొదలుపెడతారు. మీకింకా ఎవరూ లంచం ఇవ్వరు గనక ఆ పాఠం మీది కాదనుకుని ఊరుకుంటారు. అందుకే నేను ల్యాబు రికార్డు దగ్గర మొదలుపెడతాను.

మైల్డ్ స్టీలు కడ్డీని యూటీఎంలో (లాగి, నొక్కి బలం పరీక్షించే మిషనులో) లాగి యంగ్స్ మాడ్యులస్ (సాగకుండా నిలిచే గట్టిదనం; స్ట్రెస్‌ను సాగుదల నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) కనుక్కునే ప్రయోగం సివిల్, మెకానికల్ వాళ్లకు తెలిసిందే. 200 గిగాపాస్కల్స్ దగ్గర రావాలని పుస్తకంలో ఉంటుంది. మీకు 100 వస్తుంది. వెంటనే సీనియర్ రికార్డు తెరిచి, జవాబు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రీడింగులు నింపేస్తారు. 100 ఎందుకొచ్చిందో ఒక్క నిమిషం చూడండి. గేజి పొడవు, అంటే సాగుదల కొలిచే ముక్క పొడవు, 200 మి.మీ. అనుకుందాం. చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్ల స్ట్రెస్ దగ్గర ఆ కడ్డీ సాగేది 0.1 మి.మీ. మాత్రమే. కడ్డీ మీదే సాగుదల కొలిచే ఎక్స్‌టెన్సోమీటరు బిగించకుండా మిషను స్కేలు మీదే సాగుదల చదివితే, గ్రిప్పుల్లో కడ్డీ జారిన ఇంకో 0.1 మి.మీ. కూడా అందులో కలిసిపోతుంది. సాగుదల రెట్టింపవుతుంది, మాడ్యులస్ సగమవుతుంది. కాబట్టి ఆ 100 మీరు కొలిచిన పద్ధతి ఎలాంటిదో చెబుతోంది. దాన్ని రికార్డులో ఉంచి, కింద కారణం రాస్తే వైవాలో మాట్లాడటానికి మీ దగ్గర ఒక విషయం ఉంటుంది. చెరిపేస్తే గ్రిప్పులు జారుతున్నాయని మీకూ తెలియదు, వచ్చే ఏడాది బ్యాచికీ తెలియదు.

రేపు సైటులో కాంక్రీటు క్యూబులు నొక్కి పగలగొట్టి బలం నమోదు చేసే క్యూబు రిజిస్టరు రాసేదీ ఇదే చెయ్యి. 150 మి.మీ. క్యూబు ముఖం 22,500 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు ఓర్చుకోవాల్సిన ఎం20 కాంక్రీటు 450 కిలోన్యూటన్ల దగ్గర పగిలితే సరిగ్గా ఆ 20 వచ్చినట్టు. కాంక్రీటు ఎప్పుడూ ఒకేలా పగలదు. ఎం20 మిక్సు డిజైనుకే మన దేశపు కాంక్రీటు కోడు ఐఎస్ 456 నాలుగు న్యూటన్ల స్టాండర్డ్ డీవియేషన్ (ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత) తీసుకోమంటుంది. అలాంటిది నెలల తరబడి అన్ని క్యూబులూ 450 నుంచి 460 మధ్యే పగిలాయని రిజిస్టరులో ఉంటే, తెలిసినవాడు ఆ రిజిస్టరునే అనుమానిస్తాడు. క్యూబుల కోసం సిమెంటు ఎక్కువేసి విడిగా మిక్సు కలిపారా, అసలు పగలగొట్టకుండానే రాశారా అని అడుగుతాడు. రీడింగు తీసేయడం అన్నిసార్లూ తప్పు కాదు సుమా. ఒకే శాంపిలు నుంచి చేసిన మూడు క్యూబుల్లో ఏదైనా సగటుకు 15 శాతం కంటే ఎక్కువ తేడాగా ఉంటే ఆ ఫలితం చెల్లదని అదే కోడు చెబుతుంది. ఆ నియమం పరీక్షకు ముందే రాసిపెట్టి ఉంది. అంకె చూశాక పుట్టిన నియమం అయితే చెల్లదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1981 జులై 17 సాయంత్రం అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటలు లాబీలో రెండు వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. హోటలు తెరిచి అప్పటికి ఏడాదే. నాలుగో అంతస్తు నడకదారి కింద రెండో అంతస్తు నడకదారి వేలాడుతుండేది. డిజైను ప్రకారం పైకప్పు నుంచి ఒకే పొడవాటి రాడ్డు దిగి, నాలుగో అంతస్తు బాక్సు బీమును దాటి, రెండో అంతస్తు బీము దాకా వెళ్లాలి. ఒక్కో బీము కింద ఒక్కో నట్టు. నాలుగో అంతస్తు నట్టు తన అంతస్తు బరువే మోస్తుంది, రెండోది తన బరువు.

దీంట్లో ఒక చిక్కుంది. నాలుగో అంతస్తు నట్టును దాని చోటికి తిప్పుకుంటూ ఎక్కించాలంటే, ఆ బీము కింద ఉన్న రాడ్డు అంతటికీ మరలు కోయాలి. ఎత్తి బిగించేటప్పుడు ఆ మరలు దెబ్బతింటాయి. అందుకని ఉక్కు భాగాలు తయారుచేసే ఫ్యాబ్రికేటర్ ఒక రాడ్డును రెండు చేశాడు. పై రాడ్డు నాలుగో అంతస్తు బీము కింద నట్టుతో ఆగిపోతుంది. కింది రాడ్డు అదే బీములో కాస్త పక్కన ఇంకో రంధ్రం నుంచి మొదలై రెండో అంతస్తుకు దిగుతుంది. పని సులువు చేసే ఆలోచనే, దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఒకే తాడుకు రెండు ఉట్లు కట్టే బదులు, కింది ఉట్టిని పై ఉట్టిలోని కుండ అంచుకు కట్టినట్టయింది. నాలుగో అంతస్తు నట్టు మీద ఇప్పుడు రెండు అంతస్తుల బరువూ పడింది. ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఒక్క భాగాన్నే విడదీసి దాని మీది బలాలన్నీ చూపే బొమ్మ) గీస్తే ఐదు నిమిషాల్లో తేలే సంగతి. బాక్సు బీము కూడా రెండు ఛానెళ్లను (సి ఆకారపు ఉక్కు కమ్మీలను) ఎదురెదురుగా పెట్టి వెల్డు చేసినది. రంధ్రం పడింది సరిగ్గా ఆ వెల్డు మీదే. చివరికి ఛానెళ్ల అంచులు విచ్చుకుని నట్టు బీములోంచి ఊడి పైకి వచ్చేసింది.

మార్పు వల్లే కూలిందని క్లాసులో చెప్పి వదిలేస్తారు. అది సగం నిజం. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ పరిశోధించి చూస్తే, మార్చకముందు ఉన్న డిజైను కూడా నగర కోడు అడిగిన బలంలో దాదాపు 60 శాతమే. మార్చాక అది 30 శాతం దగ్గరికి పడిపోయింది. అంటే ఆ జాయింటును మొదట గానీ తర్వాత గానీ ఎవరూ లెక్కేయలేదు. ఫ్యాబ్రికేటర్ లెక్కేస్తాడని ఇంజనీర్లు అనుకున్నారు, ఇంజనీర్లు వేసే ఉంటారని ఫ్యాబ్రికేటర్ అనుకున్నాడు. మార్పు గురించి ఫోన్లో అడిగి ఒప్పించుకున్నామని ఒకరు, అలాంటి ఫోనేదీ గుర్తులేదని మరొకరు. కాగితం మీద ఏమీ లేదు. షాపు డ్రాయింగుల (తయారీ కోసం గీసిన బొమ్మల) మీద మాత్రం ఇంజనీరు ఆమోద ముద్ర ఉంది. క్రిమినల్ కేసుకు తగిన ఆధారాలు దొరకలేదు గానీ, జాక్ గిల్లమ్, డేనియల్ డంకన్ అనే ఇద్దరు ఇంజనీర్ల లైసెన్సులు మిస్సోరీ రాష్ట్రం రద్దు చేసింది. వాళ్లను దుర్మార్గులుగా ఊహించుకోకండి, అప్పుడు మీకు ఈ ఉదంతం పనికిరాకుండా పోతుంది. చూడని కాగితం మీద ముద్ర పడింది, అంతే. అలాంటి కాగితం మీ ముందుకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే వస్తుంది.

వచ్చినప్పుడు గట్టిగా పోట్లాడక్కర్లేదు. ముందు మీ లెక్క మీరు వేసుకోండి, తోటివాళ్లెవరి చేతైనా సరిచూపించండి. సగం సార్లు తప్పు మన దగ్గరే బయటపడుతుంది. అప్పటికీ అనుమానం మిగిలితే అడగండి: "సార్, ఈ మార్పు తర్వాత ఈ జాయింటు మీద ఎంత పడుతుందో లెక్క ఎవరి దగ్గరుంది? నేను వేసింది ఇది, ఒకసారి చూస్తారా?" తప్పు పట్టినట్టు ఉండదు, జవాబు చెప్పక తప్పదు. జవాబు ఫోన్లో వస్తే, ఆ సాయంత్రమే "ఈరోజు ఫోన్లో అనుకున్న ప్రకారం" అని మొదలుపెట్టి నాలుగు లైన్ల మెయిలు పెట్టండి. డ్రాయింగు నంబరు, రివిజను నంబరు, లెక్క ఎవరు వేస్తారు, ఎప్పటికిస్తారు: ఇవి ఉంటే చాలు.

పరిశోధనలోకి వెళ్లేవాళ్లకు ఈ ముద్రే పేపరు మీద పేరు రూపంలో ఎదురవుతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ భౌతికశాస్త్రవేత్త 2000 ప్రాంతంలో వరసగా సంచలన పేపర్లు ప్రచురించాడు. 2002లో లిడియా సోన్, పాల్ మెక్యూయెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో ఒకే నాయిస్ (రీడింగుల్లో దానంతటదే వచ్చే చిన్న చిన్న ఒడుదుడుకులు) ఉండటం గమనించారు. నాయిస్ అన్నది రెండుసార్లు అచ్చంగా ఒకేలా రాదు. విచారణ సంఘం ముడి డేటా అడిగితే కంప్యూటరులో చోటు చాలక చెరిపేశానని షోన్ అన్నాడు. సరైన ల్యాబు నోటుబుక్కులూ లేవు. 24 ఆరోపణల్లో 16 రుజువయ్యాయి. సహరచయితలను మోసం విషయంలో నిర్దోషులన్నారు. అయితే పేపరు మీద తమ పేరున్నప్పుడు ముడి డేటా ఎందుకు చూడలేదన్న ప్రశ్న వాళ్లను వదల్లేదు. నాకు ఎక్కువ బాధనిపించేది వేరే సంగతి. ఆ ఫలితాలు తమ ల్యాబుల్లో ఎంతకీ రాక, లోపం తమ చేతిలోనే ఉందనుకుని కాలం పోగొట్టుకున్న పీహెచ్‌డీ విద్యార్థులు.

అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కుని బైండింగు చేయించేవాళ్లకు ఈ ఉత్తరం కాదు, వాళ్లకు వేరే రాయాలి. ప్లేజరిజం సాఫ్ట్‌వేరులో 10 శాతం దాటలేదని నిశ్చింతగా ఉండేవాళ్లకు మాత్రం ఒక మాట: అది మాటల పోలికనే పట్టుకుంటుంది. కల్పించిన రీడింగు ఎవరి దగ్గరా కాపీ కొట్టింది కాదు గనక దాని వలలో పడదు.

నోటుబుక్కు కుట్టినది, పేజీ నంబర్లున్నది వాడండి. పెన్నుతో రాయండి. కొట్టేయాల్సి వస్తే కింది అంకె కనిపించేలా ఒకే గీత, పక్కన తేదీ, కారణం. మిషను నంబరు, క్యాలిబ్రేషన్ తేదీ మొదటి లైనులోనే ఉండాలి. ముడి ఫైలును మార్చడానికి వీల్లేకుండా రెండు చోట్ల దాచండి. లెక్కలన్నీ దాని కాపీ మీదే. ఏ రీడింగు ఎప్పుడు తీసేస్తారో ప్రయోగానికి ముందు రోజే రాసుకోండి. పేపరులో మీ పేరు పెడతామంటే సంతోషమే, ఒప్పుకునే ముందు ముడి ఫైలు తెప్పించుకుని ఒక్క గ్రాఫు మీ చేత్తో గీసి చూడండి.

గైడు గారు "ఆ మూడు పాయింట్లు తీసెయ్, లైను నీటుగా వస్తుంది" అన్నారనుకోండి. ఇంటర్నల్ మార్కులు, రికమెండేషన్ ఉత్తరం ఆయన చేతిలో ఉంటాయని నాకు తెలుసు. కాదనకండి, రెండు గ్రాఫులూ గీయండి, పాయింట్లతో ఒకటి, లేకుండా ఒకటి. ఆ మూడు రీడింగుల రోజు కరెంటు వోల్టేజి ఎంత, శాంపిలు ఏ బ్యాచి, నోటుబుక్కులో ఏముందో చూడండి. కారణం దొరికితే పేపరులో ఒక వాక్యం రాసి తీసేయండి. దొరక్కపోతే ఆ రెండు గ్రాఫులూ పట్టుకుని ఆయన దగ్గరికే మళ్లీ వెళ్లండి, ఆ తర్వాత డాక్టొరల్ కమిటీ సమీక్షకూ అవే తీసుకెళ్లండి.

ఉంటాను.

మీ మాస్టారు