నాలుగొచ్చిందంటే వచ్చీసినట్టేనా బాబూ?

రణస్థలం వైపు నుంచి వచ్చిన పెద్దాయన కూర్చోకుండానే కాగితం నా చేతిలో పెట్టాడు. ఏదో క్యాంపులో క్యాన్సర్ రిస్కు లెక్కగట్టి ఇచ్చిన స్కోరు అది. "నాలుగొచ్చిందంట. వచ్చీసినట్టేనా బాబూ?" రాత్రంతా నిద్ర లేదట. శ్రీకాకుళంలో ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో కడుపు, పెద్దపేగు లోపల చూసే పరీక్షలు చేయడం నా పని. అక్కర్లేని టెన్షన్ పడేవాళ్లూ, పడాల్సినచోట ధీమాగా ఉండేవాళ్లూ నాకు రోజూ తగులుతుంటారు.

అపోహ: స్కోరు ఎక్కువొస్తే క్యాన్సర్ ఉన్నట్టే.

ఆ కాగితంలో ఉన్నది పెద్దపేగు క్యాన్సర్‌కి సంబంధించిన ఆసియా-పసిఫిక్ స్కోరు. 2011లో వచ్చింది. వయసు 50 నుంచి 69 మధ్య ఉంటే 2, 70కి చేరితే 3. మగవాళ్లకి 1. కన్నవాళ్లకో, తోబుట్టువులకో, పిల్లలకో ఆ క్యాన్సర్ వచ్చి ఉంటే 2. పొగ అలవాటు ఇప్పుడున్నా, ఒకప్పుడున్నా 1. మొత్తం 7కి లెక్క. 4, ఆపైన వస్తే రిస్కు ఎక్కువ అంటారు.

ఆయనకి 58 ఏళ్లు, చుట్ట కాలుస్తాడు. 2, 1, 1. అంతే, నాలుగైపోయింది! ఆ లెక్కన మా పల్లెల్లో సాయంత్రం రచ్చబండ మీద కూర్చునేవాళ్లలో చాలామందికి నాలుగే.

ఆ స్కోరు తయారుచేసినప్పుడు పరీక్షించినవాళ్లలో, 0-1 వచ్చినవాళ్లకంటే 4, ఆపైన వచ్చినవాళ్లలో ముదిరిన మార్పులు సుమారు 4 రెట్లు ఎక్కువ కనిపించాయి. అందులో క్యాన్సర్లే కాదు, పెద్ద పాలిప్‌లు కూడా ఉన్నాయి. పాలిప్ అంటే పేగు లోపలి పొర మీద పులిపిరిలా లేచే కండ. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఈలోపు కనబడితే కొలనోస్కోపీలోనే తీగ ఉచ్చు వేసి తీసేస్తాం. పైగా జపాన్, కొరియాలతో పోలిస్తే మన దేశంలో ఈ క్యాన్సర్ తక్కువ. అక్కడి నాలుగుకి ఉన్నంత భయం ఇక్కడి నాలుగుకి అక్కర్లేదు. ఎవరిని ముందు పిలవాలో చెప్పే ఓపీ చీటీ లాంటిది ఈ స్కోరు. లోపల ఏముందో దానికి తెలియదు.

(ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారంలోనూ 4 దాటితే జాగ్రత్త అంటారు. అది బీపీ, షుగర్‌లాంటి వాటికి కూడా కలిపి వేసే వేరే లెక్క. రెండూ కలిపేసుకోకండి.)

అపోహ: స్కోరు తక్కువే కాబట్టి, మలంలో పడే రక్తం మొలలదే.

నాకు కోపం తెప్పించే మాట ఇదే. స్కోరు ఏ బాధా లేనివాళ్లకి. మలంలో రక్తం పడుతున్నా, విరేచనం తీరు మారి వారాలు గడుస్తున్నా, ముద్ద దిగకపోయినా, బరువు తగ్గిపోతున్నా స్కోరు కాగితం పక్కన పడేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మొలలు ఉండొచ్చు. మొలలున్నవాళ్లకి క్యాన్సర్ రాకూడదని రాసిపెట్టి లేదుగా! ఆరు నెలలు పసరు మందు తాగి, ఇక లాభం లేదనుకున్నాక వస్తారు.

రక్తహీనత సంగతీ అంతే. మగవాళ్లలోగాని, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోగాని ఐరన్ తగ్గిందంటే, కడుపులోనో పేగులోనో రక్తం కారుతోందేమో చూడాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంకె పిల్లలక్కూడా నోటికొచ్చు. అక్కడ హిమోగ్లోబిన్ పడిపోతే నేరం కిడ్నీ మీదకే పోతుంది. చాలాసార్లు నిజమే. కానీ ఐరన్ పరీక్ష కూడా చేయించి చూడాలి.

అపోహ: ఫుల్ బాడీ చెకప్‌లో సీఈఏ నార్మల్, భయం లేదు.

సీఈఏ, సీఏ 19-9 అనేవి రక్తంలో క్యాన్సర్ గుర్తులు చూసే పరీక్షలు. అవి జబ్బు తేలినవాళ్లలో చికిత్స ఎలా సాగుతోందో చూడ్డానికి. తొలిదశ క్యాన్సర్‌లో నార్మల్‌గానే ఉండొచ్చు. పొగ తాగేవాళ్లలో జబ్బు లేకపోయినా సీఈఏ పెరగొచ్చు. ఆ డబ్బు దాచుకోండి.

అపోహ: అడ్డపొగ లోపలే ఉంటుంది, ఎవరికీ హాని లేదు.

నిప్పు వైపు నోట్లో పెట్టి చుట్ట కాల్చే మామ్మలు మా జిల్లాలో ఇంకా ఉన్నారు. ఆ వేడీ పొగా అంగిలికి తగిలి అక్కడే క్యాన్సర్ లేస్తుంది. జీర్ణాశయానికి గుమ్మం నోరే కదా. పొగాకు అన్నవాహిక, కడుపు, క్లోమం దాకా పాడుచేస్తుంది. 30 దాటినవాళ్లకి ప్రభుత్వం నోటి పరీక్ష చేయిస్తోంది. మామ్మని తీసుకెళ్లండి, అంగిలి కూడా చూడమని అడగండి. పేగు పరీక్ష మాత్రం ఆ జాబితాలో లేదు, అది మనమే అడిగి చేయించుకోవాలి.

కంప్యూటర్ చెప్పేస్తుందా అని కుర్రాళ్లు అడుగుతారు. వయసు, మామూలు రక్తపరీక్ష అంకెలు కలిపి పెద్దపేగు క్యాన్సర్ రిస్కు పట్టే ప్రోగ్రాం ఒకటి ఇజ్రాయెల్‌లో తయారైంది. అదీ చివరికి కొలనోస్కోపీకి పంపేదే.

నాలుగొచ్చినవాళ్లకి నేరుగా కొలనోస్కోపీయే సలహా. పెద్దాయన గొట్టం మాట వినగానే లేచి నిలబడ్డాడు. ఏదీ చేయించుకోకుండా ఇంటికి పోవడం కంటే నయమని, కంటికి కనబడని రక్తాన్ని పట్టే మలపరీక్ష రాశాను. పాజిటివ్ వస్తే ఇంకో ల్యాబులో మళ్లీ అదే చేయించుకోకుండా గొట్టానికి రావాలని ఒప్పందం.

"డబ్బీలో పట్టుకుని బస్సెక్కమంతావేటి?" అని నవ్వాడు. మూత గట్టిగా పెట్టుకోమన్నాను.