501 నుంచి సున్నా దాకా

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం చేరింది. "పదహారేళ్ల అబ్బాయి ప్రపంచ డార్ట్స్ ఫైనల్ దాకా వెళ్లాడట కదా తాతయ్యా, ఓడిపోయిన అతని బొమ్మే అందరూ ఎందుకు వేశారు? గెలిచినాయన సంగతి ఎవరూ చెప్పరేం?" అని అడిగారు. ఈ రెండో ప్రశ్న నాకు చాలా నచ్చింది. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆట లెక్క తెలియాలి. డార్ట్స్ అంటే గుండ్రటి బోర్డు మీదికి డార్ట్‌లనే చిన్న బాణాలు విసిరే ఆట. కాస్త ఓపిగ్గా చదవండి.

డార్ట్స్ బోర్డు మన కిత్తనార జాతికి చెందిన సైసల్ నారతో చేస్తారు. డార్ట్ మొన దిగినప్పుడు పోగులు పక్కకు జరిగి, లాగేశాక మళ్లీ దగ్గరపడతాయి. అందుకే బోర్డు అన్ని వేల పోట్లు తట్టుకుంటుంది. మధ్యలోని బుల్ నేలకు 1.73 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆటగాడు బోర్డుకు 2.37 మీటర్ల దూరంలో గీత వెనక నిలబడి, తన వంతు వచ్చినప్పుడల్లా మూడు డార్ట్‌లు విసురుతాడు.

బోర్డు చుట్టూ 1 నుంచి 20 దాకా అంకెలుంటాయి కానీ వరసగా ఉండవు. 20కి ఒక పక్క 1, మరో పక్క 5. 19కి అటూ ఇటూ 3, 7. పెద్ద అంకె మీద ఆశపడి గురి కొంచెం తప్పితే చిన్న అంకెలో పడతారన్నమాట. ప్రతి అంకెకూ మధ్యలో సన్నని ట్రిపుల్ పట్టీ (అందులో పడితే అంకెకు మూడింతలు), అంచున సన్నని డబుల్ పట్టీ (రెండింతలు) ఉంటాయి. ఆ పట్టీ వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లు. మీ స్కేలు తీసి 8 మిల్లీమీటర్లు ఎంతో ఒకసారి చూడండి, తర్వాత 2.37 మీటర్లు కొలుచుకుని వెనక్కి వెళ్లి నిలబడి చూడండి. అప్పుడు అర్థమవుతుంది వాళ్లు చేస్తున్న పనేమిటో.

మూడు డార్ట్‌లూ ట్రిపుల్ 20లో పడితే 180. జనం లేచి గంతులేసేది దానికే. కానీ ఈ ఆటలో ఎవరెక్కువ పోగేశారన్నది కాదు లెక్క. ఇద్దరూ 501తో మొదలుపెట్టి, కొట్టినంత తీసేసుకుంటూ సున్నాకి రావాలి. చివరి డార్ట్ డబుల్‌లోనే పడాలి (బోర్డు నడిమధ్యన బుల్‌కి వచ్చే 50 కూడా డబుల్ కిందే లెక్క). సున్నా దాటిపోయినా, 1 మిగిలినా ఆ వంతులో కొట్టిందంతా చెల్లదు, వంతు మొదట్లో ఎంత ఉందో మళ్లీ అంతే. ముందుగా సున్నాకి వచ్చినవాడిది ఆ లెగ్. మూడు లెగ్‌లు గెలిస్తే ఒక సెట్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఏడు సెట్లు గెలవాలి.

లెక్కలంటే ఇష్టపడే వాళ్లకి ఇంకో సంగతి చెబుతాను. 32 మిగిలితే ఆటగాళ్లకి ఎందుకంత సంతోషమో తెలుసా? 32 అంటే డబుల్ 16. గురి కాస్త లోపలికి తప్పి మామూలు 16లో పడిందనుకోండి, 16 మిగులుతుంది, అది డబుల్ 8. మళ్లీ అలాగే తప్పితే 8, అది డబుల్ 4. ఇంకోసారి తప్పితే 4, అది డబుల్ 2. సగం చేసుకుంటూ పోతున్నా ప్రతిసారీ ఒక డబుల్ సిద్ధంగా ఉంటుంది. అదే 18 మిగిలి, డబుల్ 9కి గురిపెట్టి మామూలు 9లో పడితే? 9 బేసి సంఖ్య కాబట్టి ముందు ఒక డార్ట్ ఖర్చుపెట్టి దాన్ని సరి చేసుకోవాలి. వేదిక మీద అంత గోలలో ఈ కూడికలూ తీసివేతలూ వాళ్లు రెప్పపాటులో చేసేస్తుంటారు. నాకు వాళ్ల చేతికన్నా ఈ బుర్రే ఎక్కువ ఆశ్చర్యం.

ఇక మీరడిగిన ఫైనల్. 2024 జనవరి 3న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగింది. ఒకవైపు ల్యూక్ లిట్లర్, ఇంకో రెండున్నర వారాలకు పదిహేడు నిండే అబ్బాయి. మరోవైపు ల్యూక్ హంఫ్రీస్, 28 ఏళ్లవాడు. పేర్లు ఒకటే కదా అని తికమక పడకండి.

లిట్లర్‌కి పెద్దల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అదే మొదటి ఏడు. 2023 నవంబర్‌లో యువకుల ప్రపంచ టైటిల్ గెలిచి, నెల తిరిగేసరికి ఇక్కడికి వచ్చాడు. మొదటి రౌండ్‌లో క్రిస్టియన్ కిస్ట్‌ని 3-0 సెట్లతో ఓడించాడు. నాలుగో రౌండ్‌లో ఎదురుపడింది ఐదు సార్లు ప్రపంచ విజేత, నెదర్లాండ్స్‌కి చెందిన రేమండ్ వాన్ బార్నెవెల్డ్. ఆయన లిట్లర్ కన్నా నలభై ఏళ్లు పెద్ద. కుర్రాడు 4-1తో గెలిచాడు. క్వార్టర్స్‌లో బ్రెండన్ డోలన్‌పై 5-1, సెమీస్‌లో 2018 విజేత రాబ్ క్రాస్‌పై 6-2. ఒక స్కూలు వయసు పిల్లాడు ఇలా వరసపెట్టి పెద్దవాళ్లని ఓడిస్తుంటే పేపర్లు బొమ్మ వేయకుండా ఎలా ఉంటాయి? ఆ ఫైనల్‌ని బ్రిటన్‌లో ఒక దశలో 37 లక్షల మంది టీవీలో చూశారు. డార్ట్స్ అంటే ఏమిటో తెలియని ఇళ్లలో కూడా ఆ రాత్రి అదే పెట్టుకున్నారు.

హంఫ్రీస్ దారి వేరు. మొదట్లో అతను ఇళ్ల పైకప్పులు వేసే పని చేశాడు. డార్ట్స్‌లోకి వచ్చాక ఆందోళన జబ్బు పట్టుకుంది. తన మనసు తనకి లొంగని ఆ రోజుల గురించి అతనే బయటికి చెప్పుకున్నాడు, సాయం తీసుకున్నాడు, మెల్లగా నిలదొక్కుకున్నాడు. 2023 చివరి నెలల్లో వరల్డ్ గ్రాండ్ ప్రి, గ్రాండ్ స్లామ్, ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ అనే మూడు పెద్ద పోటీలు గెలిచాడు. అయినా ఇక్కడ మూడో రౌండ్‌లోనూ, నాలుగో రౌండ్‌లోనూ 4-3తో, చావుతప్పి బయటపడ్డాడు. సెమీస్‌లో మాత్రం స్కాట్ విలియమ్స్‌కి ఒక్క సెట్ కూడా ఇవ్వలేదు, 6-0.

ఫైనల్లో లిట్లర్ 4-2 ఆధిక్యంలోకి వెళ్లాడు. ఏడో సెట్‌లో కూడా గెలుపు అంచుకి వచ్చాడు. అతనికి మిగిలింది 4. డబుల్ 2లో ఒక్క డార్ట్ పడితే చాలు, 5-2. పడలేదు. ఆ సెట్ హంఫ్రీస్ తీసుకున్నాడు, 4-3. తర్వాతిదీ తీసుకున్నాడు. ఆ తర్వాతివీ. వరసగా ఐదు సెట్లు గెలిచి 7-4తో ప్రపంచ విజేత అయ్యాడు. ఒక వంతుకి సగటున హంఫ్రీస్ కొట్టింది 103.67, లిట్లర్ 101.13. అంటే పిల్లాడేమీ చేతులెత్తేయలేదు, అద్భుతంగా ఆడుతూనే ఓడాడు. విజేతకి 5 లక్షల పౌండ్లు, లిట్లర్‌కి 2 లక్షలు.

చాలామంది ఆ తప్పిన డబుల్ 2 గురించే మాట్లాడతారు. ఎదుటివాడు తప్పినంత మాత్రాన మనం గెలిచిపోం కదా. తప్పింది ఒక్క డార్ట్. ఆ తర్వాత ఐదు సెట్లు హంఫ్రీస్ తన చేత్తో గెలుచుకున్నవే. ఆ రాత్రి బ్రిటన్‌లో చాలామంది కుర్రాడే గెలవాలని కోరుకుంటున్నారు. ఒకప్పుడు ఆందోళనతో సతమతమైన మనిషి, అంత ఒత్తిడిలో నిలబడి లెగ్ తర్వాత లెగ్ పూర్తిచేశాడు. నా మటుకు నాకు ఆ రాత్రి పెద్ద కథ అతనిదే. అందుకే మీ రెండో ప్రశ్న నచ్చిందన్నాను.

లిట్లర్ కోసం బెంగపెట్టుకోకండి. సరిగ్గా ఏడాదికి, 2025 జనవరి 3న, అదే వేదిక మీద మైకేల్ వాన్ గెర్వెన్‌ని 7-3తో ఓడించి పదిహేడేళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. అంత చిన్న వయసులో అంతకు ముందు ఎవరూ కాలేదు. ఇద్దరు ల్యూక్‌లూ ఒకరినొకరు వదల్లేదు కూడా. 2024 మే నెలలో ప్రీమియర్ లీగ్ అనే మరో డార్ట్స్ పోటీ ఫైనల్లో లిట్లర్ 11-7 లెగ్‌లతో గెలిస్తే, 2025 మేలో అదే పోటీ ఫైనల్లో హంఫ్రీస్ 11-8తో గెలిచాడు.

చిన్నమ్మాయి విడిగా ఒక చీటీ పెట్టింది, అమ్మాయిలు ఆడరా అని. ఆడతారమ్మా, ఇదే వేదిక మీద మగవాళ్లతోనే ఆడతారు. 2019 డిసెంబర్‌లో ఫాలన్ షెరాక్ అనే ఆవిడ టెడ్ ఎవెట్స్‌ని 3-2తో ఓడించి, ఈ ఛాంపియన్‌షిప్‌లో మ్యాచ్ గెలిచిన మొదటి మహిళ అయింది. అంతటితో ఆగకుండా మెన్సూర్ సుల్యోవిచ్‌ని కూడా 3-1తో ఇంటికి పంపింది. తర్వాత క్రిస్ డోబీ చేతిలో 4-2తో ఓడింది. మన దేశం నుంచి నితిన్ కుమార్ ఈ ప్యాలెస్‌లో ఆడాడు.

ఇంట్లో బోర్డు పెట్టుకుంటామన్నారు కదా. తలుపు పక్కన, నడవా దారిలో పెట్టొద్దు. ఒకరు విసురుతుంటే మిగతావాళ్లంతా గీతకి వెనకే ఉండాలి, డార్ట్‌లు ఏరుకోవడం కూడా మూడూ విసిరాకే. మొదట్లో 501 వద్దు, 301తో ఆడండి. ప్రతి వంతుకీ తీసివేత నోటితో చెయ్యాలి, ఫోన్ ముట్టుకోకూడదు.

వచ్చే ఉత్తరంలో ఇది రాసి పంపండి: 121 మిగిలింది, చేతిలో మూడు డార్ట్‌లున్నాయి, చివరిది డబుల్. ఎన్ని రకాలుగా పూర్తిచేయొచ్చు? ఎవరు ఎక్కువ దారులు కనిపెడతారో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య