వేడన్నం గిన్నె

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

డిసెంబరులో మీ మాస్టారు మిమ్మల్ని వికారాబాద్ అనంతగిరి కొండలకు తీసుకెళ్తున్నారనీ, టెంటు లేకుండా ఒక రాత్రి అడవిలోనే పడకనీ రాశారు. మీలో చిన్నది అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: "తాతయ్యా, గోడలే లేకపోతే చలి ఎటునుంచి వస్తుంది?" బ్యాగు ఎలా సర్దాలో ఆ ప్రశ్నలోనే ఉంది.

ఎక్కువగా కిందనుంచే వస్తుందమ్మా.

అప్పుడే వార్చిన అన్నం గిన్నెను వంటింటి బండ మీద పెట్టండి. అలాంటిదే ఇంకో గిన్నెను కుదురు మీద పెట్టి, మూతేసి, గుడ్డ చుట్టండి. అరగంటకి ఏది వేడిగా ఉంటుందో అమ్మనడగక్కర్లేదు. అడవిలో మీరే ఆ గిన్నె, నేలే ఆ బండ. రగ్గులో మీ కిందపడిన భాగం ఒంటి బరువుకి నలిగిపోతుంది. నలిగిన గుడ్డలో గాలి నిలవదు, గాలి లేని గుడ్డ చలిని ఆపలేదు. అందుకే కప్పుకునేదానికంటే ముందు పరుచుకునేది చూసుకోవాలి.

కుదురు సంగతి. అడుగున ఒక ప్లాస్టిక్ పట్టా, రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. దాని మీద సెంటీమీటరు మందం ఫోమ్ చాప. ఇంట్లో 6 మిల్లీమీటర్ల యోగా మ్యాట్లుంటే ఒకదాని మీద ఒకటి రెండు వేసుకోండి. గాలి ఊదే పరుపు వద్దు, దానికి ఒక్క తుమ్మముల్లు చాలు. పట్టా ఎప్పుడూ పైన కప్పుగా కట్టే బరకం (టార్పాలిన్) కంటే చిన్నదిగానే ఉండాలి. అంచు బయటికొచ్చిందంటే జల్లు దాని మీద పడి, తిన్నగా మీ వీపు కిందికి పారుతుంది.

ఇక చుట్టే గుడ్డ. ఆ కొండల మీద డిసెంబరు రాత్రి 10–12 డిగ్రీలకు దిగడం మామూలే. నూలు దుప్పటి తడి పీల్చుకుని చల్లబడుతుంది, ఉన్ని అయితే కాస్త తడిసినా వెచ్చదనం విడవదు. గొర్రెల కాపరులు గొంగడి వదలకపోవడానికి కారణం అదే. అదే వాళ్లకి గొడుగు, అదే పరుపు, అదే ఇల్లు. మీకు మోయడానికి బరువనిపిస్తే స్లీపింగ్ బ్యాగు తెచ్చుకోండి, లేదా రెండు రగ్గులు.

చల్లారిన అన్నానికి ఎన్ని గుడ్డలు చుట్టినా వేడెక్కదు కదా! రగ్గు కూడా అంతే, ఉన్న వేడిని నిలుపుతుంది గానీ కొత్తగా పుట్టించదు. కాబట్టి నాలుగు పల్లీచిక్కీలు తిని, పది నిమిషాలు నడిచి, ఒళ్లు వెచ్చబడ్డాకే రగ్గులో దూరండి. తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్లు చల్లబడతాయని కూడా మీకు తెలుసు. చెమట పట్టిన బనీనుతో పడుకుంటే మీ గతీ అంతే. పడకకి పొడి బట్టలు ఒక జత, మేజోళ్లతో సహా, విడిగా కవర్లో కట్టుకోండి. పగలు ఎంత చలేసినా వాటిని ముట్టుకోవద్దు.

మూత రెండు రకాలు. తలకి మంకీక్యాప్, నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. పైన బరకం. కళ్లాల్లో వాడే పెద్ద బరకం తేవొద్దు. 8 మీటర్లకు 6 మీటర్లది, 250 జీఎస్ఎంది (అంటే చదరపు మీటరుకి 250 గ్రాములు) అయితే 12 కిలోలు తూగుతుంది. 3 మీటర్లకు 3 మీటర్లు, 120 జీఎస్ఎంది ఇద్దరికి చాలు, కిలో పైచిలుకే. రెండు చెట్ల మధ్య మీటరు ఎత్తున నైలాన్ తాడు బిగించి, బరకాన్ని దాని మీద సగానికి వేయండి. అంచులు నేలకి జానెడు పైన ఉండేలా మేకులకు లాగి కట్టండి. వదులుగా కడితే మధ్యలో నీళ్లు నిలుస్తాయి. తాడు వెంట జారే నీళ్లు లోపలికి రాకుండా చెట్టుకీ బరకానికీ మధ్య ఓ గుడ్డపీలిక కట్టి వేలాడదీయండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. చలేస్తోందని ప్లాస్టిక్ పట్టా ఒంటికి చుట్టుకునేరు! బిగించిన మూత లోపల ఆవిరి నీరై అన్నంలోకే కారినట్టు, తెల్లారేసరికి మీ ఊపిరే మిమ్మల్ని తడిపేస్తుంది. అందుకే ఆ జానెడు సందు.

కట్టేముందు తల పైకెత్తి చూడండి. ఎండిన కొమ్మ ఉన్న చెట్టు కింద పడక వద్దు. వాగు గట్టునా, పల్లంలోనూ వద్దు, రాత్రి చల్లగాలి అక్కడికే జారి చేరుతుంది.

పాముల మాట ఎవరూ అడగలేదు, అడగడానికి సిగ్గుపడ్డారనుకుంటా. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, దాని కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు. తాడుకి దోమతెర వేలాడదీసి, అంచులన్నీ చాప కిందికి గట్టిగా దోపండి. తిండి పడక దగ్గర పెట్టుకుంటే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే పామొస్తుంది. తిండి సంచి దూరంగా కొమ్మకి వేలాడదీయండి. బూట్లు తలకిందులుగా పెట్టి, పొద్దున దులిపి తొడుక్కోండి. టార్చి వేయకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. పొరపాటున కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకండి. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో వెలుగుండగానే చూసి పెట్టుకోమని మాస్టారికి చెప్పండి. అటవీశాఖ అనుమతి ఉన్న చోటే మకాం, వాళ్లు సరేనంటేనే మంట.

బ్యాగు మీ బరువులో ఐదో వంతు దాటకూడదు. 40 కిలోల పిల్లాడికి 8 కిలోలు, అందులో నీళ్లే 3. లోపల ఓ పెద్ద ప్లాస్టిక్ కవరు తొడిగి, అడుగున పడక బట్టలు, నడుమ వీపుకి ఆనేలా నీళ్లు, పక్కన పులిహోర పెట్టండి. బరకం, తాడు అన్నిటికంటే పైన. చేరేసరికి చినుకు పడుతుంటే ముందు కావలసింది అదే కదా, దానికోసం బ్యాగంతా బోర్లించి అన్నీ తడుపుకుంటారా?

డిసెంబరులో వానెక్కడిది, ఇంత బరకం దేనికంటారేమో. ప్రయాణానికి ముందు ఒక రాత్రి, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, పెరట్లో బరకం కట్టి చూడండి. దాని కింద ఒక స్టీలు పళ్లెం, బయట ఆరుబయట ఇంకో పళ్లెం పెట్టి పడుకోండి. తెల్లారగానే, ఎండ రాకముందే, రెండిటి మీదా వేలితో గీసి చూసి నాకు ఉత్తరం రాయండి.

మీ
తాతయ్య