ఆరు సెంటీమీటర్ల రాయికి అడుగు లోతు గొయ్యి ఎందుకు?

పిల్లలూ,

"తాతయ్యా, పరిచే రాయి మందం 6 సెంటీమీటర్లే కదా, మరి అడుగు లోతు గొయ్యి ఎందుకు? ఆ తవ్వే డబ్బుతో ఇంకా మంచి రాళ్ళు కొనొచ్చుగా?" అని మీలో చిన్నది అడిగింది. ఇంటి ముందు కారు దారి వేయించుకునే పెద్దవాళ్ళలో చాలామంది ఈ ప్రశ్న అడగరు. ముందు రాయి రంగు ఎంచుకుంటారు, చివర్లో గొయ్యి లోతు దగ్గర బేరమాడతారు. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మీ మంచం దగ్గరికి వెళ్ళి చూడండి. పైన దుప్పటి, దాని కింద పరుపు, ఆ కింద మంచం. మీ బరువు మోసేది దుప్పటి కాదు కదా! కారు దారిలో పైన పరిచే రాళ్ళు, అంటే పేవర్ బ్లాకులు, దుప్పటి. కంకర పరుపు. అడుగున ఉన్న నేల మంచం. కారు బరువు టన్నున్నర అనుకుంటే ఒక్కో చక్రం మీద దాదాపు 375 కిలోలు పడతాయి. ఆ చక్రం నేలను తాకే చోటు, వేళ్ళు చాపి పెట్టిన పెద్దవాళ్ళ చేయంత కూడా ఉండదు. అంత బరువు అంత చిన్న చోట నేరుగా మట్టి మీద పడితే మట్టి నొక్కుకుపోతుంది. కంకర ఆ బరువును పక్కలకు పంచుతుంది. పరుపు మందంగా ఉంటే మోకాలు ఆనించినా కింద చెక్క తగలదు, పలచగా ఉంటే తగులుతుంది. అదే లెక్క.

పరుపు దూది వదులుగా ఉంటే పడుకున్నచోట గుంట పడుతుంది చూశారా? కంకరకూ అదే గతి. 20 సెంటీమీటర్ల కంకరనంతా ఒక్కసారే పోసి పైన దిమ్మిస కొడితే పైపొర మాత్రమే గట్టిపడుతుంది. 7 నుంచి 10 సెంటీమీటర్ల చొప్పున పోసి, కొద్దిగా తడిపి, ప్లేట్ కంపాక్టర్ (అడుగున ఇనప పలక అదురుతూ నేలను గట్టిపరిచే యంత్రం) తిప్పి, ఆ తర్వాతే పై పొర వేయాలి. కంకర వేసే ముందు అడుగు మట్టినీ ఇలాగే గట్టిపరచాలి. ఆ మట్టి తడి సరిపోయిందో లేదో మీరే చూడొచ్చు. గుప్పెడు తీసి పిసకండి. ఉండ నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు మాత్రం కారకూడదు. పొడిపొడిగా రాలిపోతే నీళ్ళు చల్లాలి. జారుడుగా ఉంటే ఆరేదాకా ఆగాలి. బంకమట్టి నేలైతే మట్టి కంకరలోకి ఎగదన్నకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని దిగనిచ్చి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, కంకర మందం ఇంకా పెంచాలి.

కంకర పైన ఇసుక 3 సెంటీమీటర్లు చాలు. ఇక్కడే ఎక్కువ పనులు చెడతాయి. కంకర ఎత్తుపల్లాలుగా వేసి, ఆ తేడాను ఇసుకతో సరిచేస్తారు. ఇసుక మందంగా ఉన్నచోట కొన్నాళ్ళకు చక్రాల చాళ్ళు పడతాయి. ఇసుకకు బదులు రాతిపొడి వేయడమూ మంచిది కాదు. అందులోని సన్నటి పొడి నీటిని పట్టి ఉంచుతుంది. దుప్పటి అంచులు పరుపు కిందికి దోపినట్టే అంచుల్లో కర్బు, అంటే అంచు రాళ్ళు, గట్టిగా నిలబెట్టాలి. లేకపోతే బ్లాకులు రోజుకింత పక్కకు జరిగి సందులు విచ్చుకుంటాయి. బ్లాకులను చేపముల్లులా ఒకటి నిలువు, ఒకటి అడ్డం పేరిస్తే చక్రం తిప్పినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

ఇక లెక్క. పలక తీసుకోండి. దారి 3 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు అనుకుందాం: 30 చదరపు మీటర్లు. తవ్వేది మాత్రం అంచుల కోసం రెండు పక్కలా 15 సెంటీమీటర్లు ఎక్కువ, అంటే 33 చదరపు మీటర్లు. లోతు 20 కంకర, 3 ఇసుక, 6 బ్లాకు, కలిపి 29 సెంటీమీటర్లు. గొయ్యి 9.6 ఘనపు మీటర్లు. కానీ బండికెత్తే మట్టి దాదాపు 12 ఘనపు మీటర్లు! నమ్మకపోతే పెరట్లో చిన్న గొయ్యి తవ్వి, ఆ మట్టినే వదులుగా తిరిగి పోయండి. గుట్ట మిగులుతుంది. కంకర దీనికి తిరగేసిన లెక్క: 6.6 ఘనపు మీటర్లు కావాలంటే 8.25 తెప్పించాలి, కొడితే కుంగుతుంది కాబట్టి. ఇసుక 0.9 అంటే ఒకటి తెప్పించండి, మిగిలింది సందుల్లోకి పోతుంది. 20 × 10 సెంటీమీటర్ల బ్లాకులు చదరపు మీటరుకు 50, మొత్తం 1500. చేపముల్లు పేర్పుకు కోతలెక్కువ, మరో 150 కలపాలి.

ఈ సంఖ్యలన్నీ కాగితం మీద పెట్టి, ఒకే కాగితం ముగ్గురు మేస్త్రులకు ఇచ్చి ధర అడగాలి. అప్పుడే మూడు ధరలనూ పోల్చడం కుదురుతుంది. కంకర మందం రాయని కొటేషను తక్కువ ధరగా కనిపిస్తుంది. నన్నడిగితే అలాంటిది తీసుకోవద్దంటాను. మట్టి తోలించడం, కంపాక్టర్ అద్దె, కర్బు, ఊరి రోడ్డుతో కలిసే చోటికి అనుమతి ఇవన్నీ అందులో ఉన్నాయో లేదో చూడాలి. తవ్వకముందే నీటి పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో కనుక్కోవాలి. అడ్డంగా ఒక ఖాళీ పైపు ఇప్పుడే పాతించేస్తే రేపు తీగ లాగడానికి దారి పగలగొట్టక్కర్లేదు. మొత్తం ఖర్చులో 10 నుంచి 15 శాతం డబ్బు విడిగా ఉంచాలి. తవ్వాక మెత్తటి మట్టి బయటపడితే దాన్ని తీసేసి కంకర నింపడానికి ఖర్చయ్యేది ఆ డబ్బే. చివరి వాయిదా మాత్రం దారి మీద బకెట్లతో నీళ్ళు పోసి, పారడం చూశాకే ఇవ్వాలి. డబ్బు ఇంకా చాలకపోతే దారి వెడల్పు తగ్గించుకోండి, ఖరీదైన రంగు మానుకోండి. కంకర జోలికి మాత్రం వెళ్ళకండి.

కాంక్రీటు వేయించేవాళ్ళకు కొలతలు వేరు. గట్టిపరిచిన కంకర మీద 10 సెంటీమీటర్ల మందం, పగుళ్ళు అడ్డదిడ్డంగా రాకుండా రెండున్నర, మూడు మీటర్లకొక కోత, కనీసం 7 రోజులు తడి ఆరకుండా నీళ్ళు, అప్పటిదాకా కారు ఎక్కించకూడదు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి మంచం పోలిక ఇక్కడితో వదిలేద్దాం. మంచం వాలితే నిద్రపట్టదు, దారి వాలకపోతే నీళ్ళు నిలుస్తాయి. మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున, ఇంటి గోడ వైపు కాకుండా బయటికి వాలాలి. పది మీటర్లకు 20 సెంటీమీటర్లు. ఆ వాలు అడుగు మట్టిలోనే మొదలవ్వాలి. దాన్ని కొలిచే పనిముట్టు ఎంత చిన్నదో తెలుసా? నీళ్ళు నింపిన పారదర్శకమైన పైపు. ఒక కొన మీరు పట్టుకోండి, రెండోది పది మీటర్ల అవతల మీ అన్నయ్య పట్టుకోవాలి. మధ్యలో పైపు ఎన్ని వంకరలు తిరిగినా, గోడ చుట్టి వచ్చినా, రెండు కొనల్లో నీళ్ళు ఒకే మట్టాన నిలబడతాయి! ఆ మట్టం నుంచి రెండు చోట్లా నేలదాకా కొలవండి, ఆ తేడాయే వాలు. లోపల గాలిబుడగ లేకుండా మాత్రం చూసుకోవాలి. నేను ఇన్నాళ్ళు చూసినా ఇప్పటికీ ఆ నీళ్ళు ఊగి ఊగి ఆగేదాకా కళ్ళు తిప్పుకోను.

ఈసారి వాన వెలిశాక చెప్పులేసుకుని ఇంటి ముందుకు వెళ్ళండి. నీళ్ళు ఎటు పారుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. నిలిచిన ప్రతి మడుగు చుట్టూ పుల్లతో గీత గీసి, ఆ బొమ్మ కాగితం మీద వేసి నాకు పంపండి. మేస్త్రికి ఇచ్చే కాగితాల్లో మొదటిది అదే.

మీ తాతయ్య