ఒక గొలుసుకు ఎన్ని చుక్కలు?

నూనెలో తేలే సూక్ష్మమైన నీటి చుక్కల్లో పాలిమర్ (చిన్న అణువులు వరుసగా అతుక్కున్న పొడవాటి గొలుసు) తయారుచేసేటప్పుడు, నీటికీ నూనెకీ మధ్య పొరగా నిలిచే సర్ఫాక్టెంట్ పని ఆ చుక్కలు కలిసిపోకుండా కాపలా కాయడమేనా అని ఒక పాఠకుడు అడిగారు. కాపలా కాస్తుంది, నిజమే. నాకు ఎప్పటికీ విసుగు పుట్టనిది మాత్రం ఆ కాపలా ఎప్పుడు సడలుతుందన్న సంగతి.

ఒక లెక్క వేద్దాం. చుక్క వ్యాసం 10 నానోమీటర్లు. అందులో గొలుసుకు ముడిసరుకైన అక్రిలమైడ్ లీటరుకు 5 మోల్స్ చొప్పున కరిగితే, ఒక్కో చుక్కలో ఉండేది 1,600 అణువుల లోపే. తయారయ్యే గొలుసు అణుభారం 30 లక్షలు అనుకోండి. అక్రిలమైడ్ అణుభారం 71. అంటే ఆ గొలుసుకు 42,000 అణువులు కావాలి, దాదాపు 27 చుక్కల సరుకు! ఇదంతా ఒక్క చుక్కలోకి ఎలా చేరింది?

చుక్కలు క్షణక్షణం ఢీకొంటుంటాయి. చాలాసార్లు విడిపోతాయి. ఎప్పుడో ఒకసారి సర్ఫాక్టెంట్ పొర తెరుచుకుని, రెండు చుక్కల్లోని నీళ్లు కలిసి, మళ్లీ వేరవుతాయి. ఆ పొర ఎంత బిగువుగా ఉంటే సరుకు మార్పిడి అంత తగ్గుతుంది.

తరగతిలో సర్ఫాక్టెంట్ అణువుకు నీటివైపు ఒక తల, నూనెవైపు ఒక తోక గీసి వదిలేస్తాం. అసలు కీలకం ఆకారంలో ఉంది. ఏఓటీ అనే సర్ఫాక్టెంట్‌కు చిన్న తల, కొమ్మలు వేసిన రెండు తోకలు. తోకల వైపు వెడల్పు కాబట్టి పొర నీటి చుట్టూ దానంతట అదే వంగుతుంది. నీటి అణువులకూ ఏఓటీ అణువులకూ ఉన్న నిష్పత్తి రెట్టింపైతే చుక్క వ్యాసార్థం సుమారుగా రెట్టింపవుతుంది, లోపల పట్టే సరుకు ఎనిమిది రెట్లవుతుంది.

1980లలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఫ్రాన్సువాజ్ కాందో బృందం టోలీన్ అనే నూనెలాంటి ద్రవంలో ఏఓటీతో అక్రిలమైడ్‌ను పాలిమరైజ్ చేసి చూసింది. అక్రిలమైడ్ నీటిలో ఊరికే కూర్చోదు. సర్ఫాక్టెంట్ తలల మధ్యకు దూరి పొరను మెత్తబరుస్తుంది. గొలుసుకు ముడిసరుకైన అణువే తన తోటి అణువులకు తలుపు తీస్తుందన్నమాట! ఇంత అందమైన ఏర్పాటు రసాయనశాస్త్రంలో తక్కువగా కనిపిస్తుంది.

చుక్కలు అసంఖ్యాకం, గొలుసు మొదలైనవి కొన్నే. అందుకే కొత్త రాడికల్ (గొలుసును మొదలుపెట్టే చురుకైన అణువు) ఎక్కువగా ఇంకా గొలుసు మొదలవని చుక్కలోనే పడుతుంది. దాంతో చివరిదాకా కొత్త పాలిమర్ కణాలు పుడుతూనే ఉంటాయి. ఒక్కో కణంలో ఉండేది ఒకటో, కొన్నో గొలుసులే. కణాలు మొదటి చుక్కలకన్నా పెద్దవి, సంఖ్యలో చాలా తక్కువ. మిగిలిన సర్ఫాక్టెంట్ మోనోమర్ (ముడిసరుకైన అక్రిలమైడ్) అయిపోయిన చిట్టి చుక్కల చుట్టూ అలాగే ఉండిపోతుంది. సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తే ద్రవం ఇంకా తేటగానే కనిపిస్తుంది.