పిల్లలకు తొలి కూచిపూడి ప్రదర్శన: అపోహలు - వాస్తవాలు

నేను కూచిపూడి నేర్పుతాను, ప్రదర్శనలకు నట్టువాంగం చేస్తాను, అంటే తాళాలు వాయిస్తూ నర్తకిని నడిపిస్తాను. వేదిక పక్కన తాళాలు పట్టుకుని కూర్చుంటే ముందు వరుసల్లోని పిల్లల ముఖాలు బాగా కనిపిస్తాయి. ఎక్కడ కళ్లు పెద్దవి చేస్తారో, ఎక్కడ ఆవలిస్తారో, ఎక్కడ అమ్మ చెంగు పట్టుకుంటారో చూస్తూనే ఉంటాను. "పాప ఇంకా చిన్నది మేడమ్, రెండేళ్లు పోయాక తీసుకొస్తాం" అని ఎవరైనా అంటే నాకు మనసు ఒప్పదు. భాగవత మేళాలు, అంటే నాటక బృందాలు, ఊరూరా తిరిగి, గుడి ముందో, పందిట్లోనో రాత్రంతా ఆడిన కళ ఇది. ఆ జనంలో చంటిపిల్లలతో వచ్చిన తల్లులూ ఉండేవాళ్లు. పిల్లలకు నిద్రొస్తే అక్కడే పడుకోబెట్టేవాళ్లు. చివరిదాకా కదలకుండా కూర్చోవాలన్న పట్టింపు హాళ్లు వచ్చాక వచ్చిందే.

అపోహ: పాట సంస్కృతంలోనో, పాత తెలుగులోనో ఉంటుంది. చిన్నపిల్లలకు ఏం అర్థమవుతుంది?

వాస్తవం: కృష్ణుడి మీద నారాయణ తీర్థులు రాసిన పాటలు, తరంగాలు, సంస్కృతమే. హాల్లోని పెద్దల్లో కూడా చాలామందికి ఆ మాటలు తెలియవు. అయినా చిన్ని కృష్ణుడు మన్ను తిన్న ఘట్టం అభినయిస్తున్నప్పుడు చూడండి. నర్తకి కృష్ణుడై, చేతులు వెనక్కి దాచుకుని "తినలేదు" అన్నట్టు తల అడ్డంగా ఊపుతుంది. భుజం ఇటు తిప్పి అంతలోనే యశోద అవుతుంది, వేలు చూపించి నోరు తెరవమంటుంది. మళ్లీ కృష్ణుడై నోరు తెరుస్తుంది. మళ్లీ యశోదై ఆ నోట్లోకి తొంగిచూసి, లోకాలన్నీ కనబడి బిత్తరపోతుంది. ఈ ఘట్టంలో నాలుగేళ్ల పిల్లలు నోరు తెరిచి కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. వాళ్లు తికమకపడేది ఒక్కచోటే: ఒకే మనిషి ఇద్దరెలా అవుతుంది? ఆ సంగతి ఇంట్లోనే చెప్పండి. "భుజం తిప్పిందంటే వేరేవాళ్లు అయిపోయిందన్నమాట" అంటే చాలు, వాళ్లే కనిపెట్టుకుంటారు.

కృష్ణుడి భార్య సత్యభామ కథ ఆడే భామాకలాపంలో అయితే పాత్రలు నోరు విప్పి మాట్లాడతాయి కూడా. భర్త పేరు చెప్పడానికి సత్యభామ సిగ్గుపడుతుంటే చెలికత్తె మాధవి చెప్పమని ఆటపట్టిస్తుంది. ఆ సంభాషణ పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది. సంప్రదాయ పద్ధతిలో ఆడే చోట సత్యభామ ముందు కనబడదు. ఇద్దరు తెర పట్టుకుంటారు, ఆ తెర మీదుగా జడ ఒక్కటే బయటికి వస్తుంది, నాగరంతో, జడబిళ్లలతో. తన విద్యకు, అందానికి సాటి ఎవరని ఆమె విసిరే సవాలు అదే. ఆ క్షణంలో పిల్లల చెవిలో ఏమీ చెప్పకండి. ఆ జడ ఎవరిదో వాళ్లనే ఎదురుచూడనివ్వండి.

అపోహ: కథ ముందే చెప్పేస్తే ఆసక్తి పోతుంది.

వాస్తవం: పోదు. పిల్లలు ఒకే కథను రోజూ చెప్పించుకునేవాళ్లు కదా. ముగింపుతో సహా చెప్పి తీసుకురండి. తెలిసిన ఘట్టం వేదిక మీద కనబడితే "అదిగో!" అంటారు. పక్కవాళ్లు తిరిగి చూసినా ఫరవాలేదు, నాకైతే ఆ మాట చప్పట్లకంటే ఇష్టం.

అపోహ: మొదటి వరుసలో కూర్చుంటేనే బాగా కనిపిస్తుంది.

వాస్తవం: వేదిక ఎత్తుగా ఉంటే మొదటి వరుసలో కూర్చున్న చిన్నపిల్లలకు నర్తకి పాదాలు కనబడవు. తరంగంలో పిల్లలు ఎక్కువగా చూడాలనుకునేది పాదాలనే: ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, తాళం తప్పకుండా పళ్లేన్నే ముందుకు, పక్కకు జరపడం. పైగా స్పీకర్లు దగ్గర, గజ్జెలు, మృదంగం, తాళాల మోత చెవుల్లో పడుతుంది. ఐదారు వరుసలు వెనక, నడవ పక్క కుర్చీ పట్టుకోండి. లేవాల్సివచ్చినా ఎవరినీ దాటక్కర్లేదు.

అపోహ: మధ్యలో లేచి వెళ్తే కళాకారులకు అవమానం.

వాస్తవం: ఒక అంశం నడుస్తుండగా లేస్తేనే ఇబ్బంది. కౌత్వం, శబ్దం లాంటి ఒక్కో నృత్యాంశం అయ్యాక, దీపాలు తగ్గినప్పుడు వెళ్లండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఐదేళ్లలోపు పిల్లలకు తొలిసారి ముప్పావుగంట చాలు. అయితే ఆ ముప్పావుగంట నృత్యం కావాలి. ఆహ్వానపత్రికలో ఆరు గంటలని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి పిల్లల ఓపిక అయిపోతుంది. నిర్వాహకులకు ఫోన్ చేసి తొలి అంశం ఎప్పుడని అడగండి, సంకోచించకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు తెలిసినవాళ్లమ్మాయి రంగప్రవేశమే, అంటే ఆ అమ్మాయి వేదిక మీద ఇచ్చే మొదటి పూర్తి ప్రదర్శనే, తరచూ పిల్లలు చూసే తొలి ప్రదర్శన అవుతుంది. అది గంటల తరబడి సాగుతుంది, విరామం దాకా చూసి ఇంటికి తీసుకెళ్లినా తప్పు లేదు.

అపోహ: నరసింహుణ్ణి చూస్తే దడుచుకుంటారు, అలాంటివి అసలు చూపించకూడదు.

వాస్తవం: కొందరు దడుచుకుంటారు, నిజమే. వెనకటికి ఉగ్రపాత్ర వచ్చే వేళ కాగడాల మీద గుగ్గిలం చల్లి మంట భగ్గుమనిపించేవాళ్లు. దడిపించాలనే ఆ ఏర్పాటు. నా సలహా ఏమిటంటే, ప్రహ్లాద నాటకం తొలి ప్రదర్శనగా వద్దు, కృష్ణుడి కథలతో మొదలుపెట్టండి. తర్వాత ఎప్పుడైనా ప్రహ్లాదకు వచ్చినప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకోండి. అయ్యాక వీలైతే, అనుమతి అడిగి, వేషం తీసేసిన నటుణ్ణి చూపించండి.

అపోహ: ఇది ఆడపిల్లల వ్యవహారం. బాబు ఎందుకు?

వాస్తవం: ఈ మాట వింటే కోపమొస్తుంది. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఆడింది మగవాళ్లే. సత్యభామ వేషం అంటే పెద్దలకు ముందు గుర్తొచ్చే పేరు వేదాంతం సత్యనారాయణ శర్మ గారిది. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి దేశదేశాల శిష్యులకు నేర్పారు. బాబును తప్పకుండా తీసుకురండి.

అపోహ: నచ్చిందంటే వెంటనే క్లాసులో చేర్చాలి.

వాస్తవం: చూడటం వేరు, నేర్చుకోవడం వేరు. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చుని, నృత్యపు అడుగులు వేయడం మోకాళ్లకు భారం. నేనైతే ఆరేడేళ్లు వచ్చేదాకా చేర్చుకోను. ప్రదర్శన అయ్యాక "ఏం అర్థమైంది?" అని పరీక్ష పెట్టకండి, "ఎలా చేసిందో చూపించు" అనండి. చాలామంది ముందు పళ్లెమే ఎక్కబోతారు. వంటింట్లో స్టీలు కంచం మాత్రం ఇవ్వకండి, గచ్చు మీద జర్రున జారుతుంది. చాక్‌పీసుతో నేల మీద కంచమంత గుండ్రం గీసివ్వండి, దాని గీత మీద కాళ్లు పెట్టి ఆడుకుంటారు.