మూసీ ఒడ్డు: 1908 వరద నుంచి రివర్‌ఫ్రంట్ దాకా

హైదరాబాద్‌లో మూసీ నది ఒడ్డును అభివృద్ధి చేసే రివర్‌ఫ్రంట్ ప్రాజెక్టు మీద చర్చ ఎక్కువగా తొలగించే ఇళ్ల చుట్టూ, ఖర్చు చుట్టూ తిరుగుతోంది. దుకాణాలు, కార్యాలయాలు, నివాసాలు, ఉద్యానాలు కలిపి కట్టాలనుకుంటున్న ఆ ఒడ్డు అసలు కట్టుకోదగ్గ నేల ఎప్పుడయింది? ఆ సంగతి తెలియాలంటే 1908కి వెళ్లాలి.

ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంతో ఆగకుండా ఎగువ పరీవాహకాన్ని లెక్కగట్టారు. అక్కడి 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేల్చారు. నగరానికి పైన వరదను పట్టే జలాశయాలు కట్టాలని, నగరంలో గట్లు ఎత్తు చేసి ఉద్యానాలు, నడకదారులు వేయాలని సూచించారు. ముందు నీటికి చోటు, తర్వాతే ఒడ్డుకు అందం. నేటి ప్రణాళికలు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఈ వరుసే.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ లేచాయి. మంచి స్థలాలు న్యాయస్థానానికి, వైద్యానికి, చదువుకు దక్కాయన్నది మరవకూడదు.

జలాశయాలు వరదను ఆపడంతో కిందికి వచ్చే ప్రవాహం తగ్గి, నదిగర్భం అంచులు బయటపడ్డాయి. అక్కడ పేదలు గుడిసెలు వేసుకున్నారు. తప్పు వాళ్లొక్కరి మీదే మోపడం అన్యాయం. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను ప్రభుత్వమే నది పాయల మధ్య కట్టింది. 2025 సెప్టెంబరులో జలాశయాల గేట్లు తెరిచాక వరద ఆ బస్టాండులోకి చొచ్చుకొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు.

ఎగువను కాపాడేందుకు 1996లో 111 జీవో వచ్చింది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను ఎత్తివేసింది. నది పక్కన భవనాలు రావడం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ఎగువన కాంక్రీటు పెరిగితే వాన నీరు ఇంకే చోటు తగ్గి, అదంతా ఒక్కసారిగా దిగువకు వస్తుంది.

మూసీ అభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడింది. 55 కిలోమీటర్ల ప్రాజెక్టు కోసం 2024 సెప్టెంబరు చివర్లో నదిగర్భంలోని ఇళ్లపై ‘ఆర్‌బీ-ఎక్స్’ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదిగర్భం) అని ఎర్రటి గుర్తులు వేశారు. ఖాళీ చేసిన కుటుంబాలను రెండు పడకగదుల ఇళ్లకు పంపారు. కూలిపని, పిల్లల బడి పాత బస్తీల దగ్గరే ఉన్నవాళ్లకు అది సగం పరిష్కారమే. ఒడ్డున ఏ భవనం ఎక్కడ రావాలో గీసే మాస్టర్‌ప్లాన్‌లోనే జలాశయాల గేట్లన్నీ తెరిస్తే నీరు ఎంతవరకు వస్తుందో, ఆ 84 గ్రామాల్లో ఏమేం కట్టనిస్తారో, ఖాళీ చేసినవాళ్లకు నగరంలో ఎక్కడ చోటిస్తారో కూడా స్పష్టంగా ఉండాలి.